చంద్రగిరి కోటలో ఎనిమిదేండ్ల పిల్లవాడు

(రేడియో ప్రసంగ పాఠం. వాక్యభాగం: మొదటి సమూయేలు 2వ అధ్యాయం, 18 నుండి 21 వరకు వచనాలు)

బైబిలు దగ్గరున్నవారు ఈ వాక్యభాగం తీసి పెట్టుకోండి. అక్కడికి నేను కొంచెం ఆలస్యంగా వస్తాను. ముందు మిమ్మల్ని మా కుటుంబంతో పాటు చంద్రగిరికి తీసుకొని వెళ్ళాలి.

గత సంవత్సరం దసరా సెలవుల సంగతి ఇది. మా అబ్బాయికి అప్పుడు పదకొండేళ్ళు. ఆ జూన్ నెలలోనే వాణ్ణి ఆరో తరగతికి ఒక పెద్ద రెసిడెన్షియల్ స్కూల్లో చేర్చాను. ఆరో తరగతి నుండే ఐ.ఐ.టి.కి పునాది వేస్తామని చెప్పారు. మా అవ్వ వద్దన్నది, వాడి అమ్మ వద్దన్నది. నేను అప్పు చేసి ఫీజు కట్టాను. మీకు ఇంకొక మాట కూడా చెప్పాలి. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సోషల్ టీచరును. ఊరి పిల్లలకందరికీ ఇరవై రెండేళ్ళుగా పాఠం చెబుతున్నవాణ్ణి, నా కొడుకును మాత్రం నా బడికి తీసుకొని రాలేదు. మా ఊర్లో ఎవరూ దీన్ని తప్పు అనుకోరు. మా స్టాఫ్ రూములో అందరి పిల్లలూ బయటే చదువుతారు.

వాడు సెలవులకు వస్తున్నాడని తిరుపతిలో ఒక కొత్త చొక్కా కొని పెట్టాను. వేసుకుంటే చేతులు మణికట్టుకు రెండు అంగుళాలు పైనే ఆగిపోయినాయి. ఛాతీ దగ్గర బొత్తాం పట్టలేదు. నాలుగు నెలల్లో ఎదిగిపోయినాడు. వాడి అమ్మ నా వైపు చూసింది గాని ఏమీ అనలేదు. "పర్వాలేదు నాయినా, బాగుంది" అని వాడు పై బొత్తాం వదిలేసి ఆ చొక్కాతోనే చంద్రగిరికి బయలుదేరినాడు.

తిరుపతి నుండి చంద్రగిరికి పన్నెండు కిలోమీటర్లు. మేము మొదట శుక్రవారం వెళ్ళాము. శుక్రవారం మ్యూజియానికి సెలవు! సోషల్ టీచరుకు ఈ సంగతి తెలియదా అని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు. దారి పక్కన గంపల్లో అమ్ముతున్న సీతాఫలాలు కొనుక్కుని తిరిగి వచ్చి, మరుసటి రోజు మళ్ళీ వెళ్ళాము.

చూసినవారికి చెప్పనక్కర లేదు, చూడనివారి కోసం చెబుతాను. వెనుక ఆరువందల అడుగుల ఎత్తున రాతికొండ. కొండ కింద పెద్ద పెద్ద రాళ్ళు పేర్చిన కోటగోడ. లోపల రాజమహలు, దానికి కొంచెం ఎడంగా రాణీమహలు. రాజమహలు మూడంతస్తులు. రాయి, ఇటుక, సున్నం తప్ప ఒక్క కట్టె ముక్క వాడకుండా కట్టారు. కింద వరుసగా కమానులు, పైన మన గుడి గోపురాల వంటి శిఖరాలు. లోపల పురావస్తు శాఖవారి మ్యూజియం ఉంది. ఎండలో నడిచి వచ్చినవారికి ఆ మందపాటి గోడల మధ్య చల్లగా ఉంటుంది. మా వాడు గోడకు చెంప ఆనించి నిలబడి, "అవ్వా, నువ్వు గూడా పెట్టి చూడు" అన్నాడు. ఆమె పెట్టింది కూడా.

నేను ఊరకుంటానా? పాఠం మొదలుపెట్టాను. వెయ్యేళ్ళ కిందట యాదవరాజులు ఈ కోట కట్టించారని చెబుతారు. 1367లో ఇది విజయనగరం చేతికి వచ్చింది. ఈ చంద్రగిరిలో అధిపతిగా ఉన్న సాళువ నరసింహుడే 1485లో విజయనగర సింహాసనం ఎక్కాడు. 1565లో రాక్షసి తంగడి యుద్ధంలో ఓడిన తరువాత రాయలవంశం పెనుకొండకు, అక్కడి నుండి ఈ చంద్రగిరికి వచ్చింది. రెండవ వేంకటపతిరాయల కాలంలో, 1598లో, జెస్యూట్ పాదిరీలు ఈ ఆస్థానానికి వచ్చారు. ఆ రాజు వారిని గౌరవంగా చేర్చుకున్నాడు. మన శ్రోతల్లో చాలామందికి ఈ సంగతి తెలియదనుకుంటాను. 1639లో మద్రాసు తీరంలో ఇంగ్లీషువారికి చోటిచ్చిన దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఈ చంద్రగిరి రాయల కింది నాయకుడే. 1646లో కోట గోల్కొండవారి పాలైంది, తరువాత మైసూరువారి చేతికి పోయింది. ఇవన్నీ మా అవ్వ శ్రద్ధగా విన్నది. మా వాడు వినలేదు. పిల్లలకు సంవత్సరాలు కావాలా? కథ కావాలి.

మధ్యాహ్నం మహలు ముందర చెట్టు నీడన కూర్చుని చింతపండు పులిహోర, పెరుగన్నం తిన్నాము. అప్పుడు నేను కథ మొదలుపెట్టాను. ఇరవై రెండేళ్ళుగా ప్రతి సంవత్సరం నా తరగతిలో చెప్పే కథ అది.

1535 ప్రాంతంలో విజయనగరంలో ఉన్న నూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వ్యాపారి దీన్ని రాసిపెట్టాడు. శ్రీకృష్ణదేవరాయల అన్న వీరనరసింహరాయలు మరణపడక మీద ఉన్నాడు. ఆయనకు ఎనిమిదేళ్ళ కొడుకు ఉన్నాడు. తమ్ముడు బ్రతికి బాగుంటే ఈ పసివాడికి రాజ్యం దక్కదని తలచి, మంత్రి తిమ్మరుసును పిలిపించి, తమ్ముడి కళ్ళు పెరికించి తెచ్చి చూపించమన్నాడు. తిమ్మరుసు ఒక మేక కళ్ళు తెచ్చి చూపించాడు. రాజు తృప్తిగా కన్ను మూశాడు. 1509లో కృష్ణరాయలు రాజయ్యాడు. చరిత్రకారులందరూ ఈ మేక కళ్ళ సంగతిని ఒప్పుకోరు, నూనిజ్ విన్నది విన్నట్టు రాశాడంటారు. కాని తరగతిలో ఈ చోటికి వచ్చేసరికి పిల్లలు చప్పట్లు కొడతారు. నేను చాక్‌పీసు బల్ల మీద పెట్టి, చేతులు దులుపుకొని, "అదీ అప్పాజీ తెలివి!" అంటాను. గంట కొడతారు.

ఆ రోజు కూడా "అదీ అప్పాజీ తెలివి!" అన్నాను. మా వాడు చప్పట్లు కొట్టలేదు.

"ఆ పిల్లోడు ఏమైనాడు నాయినా?"

"ఏ పిల్లోడు?"

"ఎనిమిదేండ్ల పిల్లోడు. రాజు కావాల్సినోడు."

ప్రియులారా, జవాబు నాకు తెలుసు. అదే పుస్తకంలో, అదే కథ తరువాత ఉంది. ఎన్నోసార్లు చదివాను. ఒక్కసారీ తరగతిలో చెప్పలేదు, ఏ పిల్లవాడూ అడగలేదు. కృష్ణరాయలు రాజు కాగానే ఆ పిల్లవాణ్ణీ, తన ముగ్గురు తమ్ముళ్ళనూ తీసుకొని పోయి ఒక కోటలో బంధించి ఉంచాడు. ఆ కోట చంద్రగిరి కోటే. ఇప్పుడు నిలిచి ఉన్న మహలు ఆ పిల్లవాడి కాలానికి తరువాతిదని చెబుతారు గాని, కొండ అదే, కోట అదే.

"ఈడనే పెట్టినారు. ఈ కోటలోనే" అన్నాను.

వాడు కొండ వైపు తిరిగి చూశాడు. "ఒక్కణ్ణేనా?"

"వాళ్ళ చిన్నాయనలు ముగ్గురు గూడా ఉన్నారు."

"వాడి పేరేమి?"

నూనిజ్ ఆ పిల్లవాణ్ణి తండ్రి పేరుతోనే చెబుతాడు, ఫలానావాడి కొడుకు అని. అదే చెప్పాను.

"ఎన్నాళ్ళు పెట్టినారు?"

"చనిపోయేదాకా."

వాడు కొంతసేపు చొక్కా చెయ్యి కిందికి లాగుకుంటూ కూర్చున్నాడు. అది ఎంత లాగినా రాలేదు. తరువాత అడిగాడు:

"చూసేదానికి వాళ్ళమ్మను వదిలినారా? నెలకొక ఆదివారమన్నా?"

శ్రోతలారా, నెలకొక ఆదివారం అన్నది రాయలకాలపు మాట కాదు. అది మా వాడి స్కూలు రూలు. ప్రతి నెలా రెండో ఆదివారం ఉదయం పది నుండి సాయంత్రం నాలుగు దాకా తల్లిదండ్రులు చూడవచ్చు. వాడు నన్ను నిందించడానికి ఆ మాట అనలేదు. ఒక పిల్లవాడు ఇంటికి దూరంగా ఉంటే అందరికీ అదే రూలు ఉంటుందనుకున్నాడు, అంతే. జూలైలో మేము వెళ్ళాము. ఆగస్టులో నాకు ఒక సువార్త కూటంలో ప్రసంగం ఉండి వెళ్ళలేదు. సెప్టెంబరులో ఇంకేదో పని. ఆగస్టు ప్రసంగం దేని మీద అని మీరు అడగవద్దు. తల్లిదండ్రుల బాధ్యత మీద.

మా అవ్వ పెరుగన్నం గిన్నె మూత పెట్టి, "లేయండి, పొద్దు పోతాంది" అన్నది. లేచాము.

ఆ రాత్రి నాకు నిద్ర రాలేదు. వీరనరసింహరాయలను ఇన్నేళ్ళూ నేను దుర్మార్గుడిగానే చెప్పాను. తమ్ముడి కళ్ళు పెరకమన్నవాడు దుర్మార్గుడే, అందులో సందేహం లేదు. కాని ఎందుకు అడిగాడు? కొడుకు బాగుండాలని. తన తరువాత ఎవరి ముందరా చేతులు కట్టుకొని నిలబడకూడదని. ఆ కోరిక నాకు బాగా తెలుసు. మా నాయన శెనక్కాయల చేనులో కూలికి పోయినవాడు. నా కొడుకు ఎక్కడికో పోవాలని నేను కలగన్నాను. ఎక్కడికి అని ఎవరైనా అడిగితే నాకు కూడా సరిగా తెలియదు, "పైకి" అని చెప్పేవాణ్ణి. జెబెదయి కుమారుల తల్లి కూడా ప్రభువు దగ్గరికి వచ్చి ఇద్దరు కొడుకులకు కుడిపక్కన ఒక ఆసనం, ఎడమపక్కన ఒక ఆసనం అడిగింది. మత్తయి సువార్త 20వ అధ్యాయం. మీరేమి అడుగుతున్నారో మీకు తెలియదని ప్రభువు చెప్పాడు. ఆ ఇద్దరిలో యాకోబును తరువాత హేరోదు కత్తితో చంపించాడు, అది అపొస్తలుల కార్యములలో 12వ అధ్యాయంలో ఉంది. ఆ వార్త విన్న రోజు ఆ తల్లికి తాను అడిగిన ఆసనం జ్ఞాపకం వచ్చిందేమో.

ఇంకొక కుమారుణ్ణి కూడా ఆ రాత్రి తలచుకున్నాను. అబ్షాలోము గెషూరు నుండి తిరిగి వచ్చాక రెండేళ్ళు యెరూషలేములోనే ఉన్నాడు. సొంత ఇల్లుంది, తిండికీ బట్టకూ లోటు లేదు. కాని తండ్రి ముఖం చూడలేదు. చివరికి ఏమి చేశాడు? యోవాబు పొలంలో యవల చేనుకు నిప్పు పెట్టించాడు. రెండవ సమూయేలు 14వ అధ్యాయం చదవండి. రెండుసార్లు పిలిస్తే రాని యోవాబు, చేను కాలగానే పరుగెత్తుకొని వచ్చాడు. సెప్టెంబరులో మా వాడి వార్డెను నాకు ఫోను చేశాడు. రాత్రి స్టడీ అవర్లో వీడు మెయిన్ స్విచ్ ఆపేసి హాలంతా చీకటి చేశాడట. నేను ఫోనులోనే వాణ్ణి గట్టిగా తిట్టాను. "ఎందుకు చేసినావు?" అని అడిగితే, "ఊరికే" అన్నాడు. ఆ నెలలో మా ఇద్దరి మధ్య జరిగిన మాటలు అవే. వాడు కాల్చిన యవల చేను అదేనని నాకు చంద్రగిరి నుండి వచ్చిన తరువాత అర్థమైంది.

ఇప్పుడు మన వాక్యభాగానికి వస్తాను. మీలో కొందరు ఇప్పటికే అనుకుంటూ ఉంటారు: అయ్యగారూ, హన్నా కూడా తన బిడ్డను పాలు విడిచిన తరువాత షిలోహులో వదిలిపెట్టింది కదా! నిజమే. జూన్ నెలలో మా ఇంట్లో నేను వాదించింది ఆ మాటతోనే. షిలోహు అంత మంచి హాస్టలేమీ కాదు. అక్కడ యాజకుడైన ఏలీ ముసలివాడు, ఆయన ఇద్దరు కొడుకులు బలిమాంసం దగ్గర దౌర్జన్యం చేసేవారు. అయినా హన్నా వదిలింది. దేవునికి ఇచ్చిన మాట కోసం వదిలింది. నేను ఎవరికి ఏ మాట ఇచ్చాను? స్కూలు ఏజెంటుకు అడ్వాన్సు ఇచ్చాను.

కాని నేను చూడవలసిన వచనం అది కాదు, 19వ వచనం. సంవత్సరానికి ఒకసారి బలి అర్పించడానికి వెళ్ళినప్పుడెల్లా ఆ తల్లి ఒక చిన్న అంగీ కుట్టి బిడ్డకు తీసుకొని పోయేది. ఇది చదివి ప్రేమగల తల్లి అనుకొని దాటిపోతాము. కుట్టుపని తెలిసిన సహోదరీలారా, మీరు కొంచెం ఆగండి. ఏడాదిగా చూడని బిడ్డకు అంగీ ఎలా కుడతారు? ఎంత ఎదిగి ఉంటాడో లెక్క వేసుకోవాలి. పోయిన ఏడాది భుజం దగ్గరికి వచ్చాడు, ఈ ఏడాది ఇంకొంచెం వచ్చి ఉంటాడు అని మనసులో వాణ్ణి నిలబెట్టి కొలవాలి. షిలోహు నుండి వచ్చేవారిని ఎవరినైనా అడగాలి. పాత అంగీ ఏ చోట బిగిసిందో గుర్తుపెట్టుకోవాలి. హన్నా బిడ్డకు దూరంగా ఉన్నది గాని, వాడి కొలత ఆమెకు తెలుసు. నేను తిరుపతిలో బట్టల కొట్టులో నిలబడి, "ఎన్నేండ్ల పిల్లోడికి సార్?" అని అడిగితే, "పదకొండు" అని చెప్పి డబ్బు కట్టి వచ్చాను.

హాస్టళ్ళ మీద నేను రాయి వేయడం లేదు, అపార్థం చేసుకోకండి. నేను కూడా మిషన్ బోర్డింగులో పెరిగినవాణ్ణే. మా ఇంట్లో ఒక పూట తిండి కూడా గ్యారంటీ లేని కాలంలో ఆ బోర్డింగు నాకు అన్నం పెట్టింది, అక్షరం పెట్టింది. ఈనాడు కూడా బిడ్డను హాస్టలుకు పంపడం తప్ప వేరే దారి లేని తల్లిదండ్రులు మన సంఘాల్లోనే ఎంతమందో ఉన్నారు. బెంగళూరులో బేల్దారి పనికి పోయినవారున్నారు, గల్ఫుకు పోయిన తల్లులున్నారు. వారి మనసు నొప్పించడానికి ఈ మాటలు చెప్పడం లేదు. మా నాయన చదువు లేనివాడు. శనివారం కూలి ముగించుకొని, శెనక్కాయల మూట నెత్తిన పెట్టుకొని, పదహారు మైళ్ళు నడిచి ఆదివారం ఆరాధన వేళకు బోర్డింగు దగ్గరికి వచ్చేవాడు. ఆరాధన అయ్యేదాకా చర్చి బయట మెట్ల మీద కూర్చునేవాడు. నన్ను పక్కన నిలబెట్టుకొని చేత్తో తన ఛాతీ మీద ఎక్కడిదాకా వచ్చానో చూసుకునేవాడు. "ఈ నెల బెత్తెడు ఎదిగినావురా" అనేవాడు. బెత్తెడు అబద్ధం. ఆ అబద్ధం కోసం నేను నెలంతా ఎదురు చూసేవాణ్ణి. నాకు అన్నీ ఉన్నాయి, మోటారు సైకిలుంది, రోడ్డుంది, నలభై కిలోమీటర్లే దూరం. నేను ఒక్క నెల వెళ్ళాను.

చంద్రగిరి కోటలో ఉంచిన నలుగురిలో ఒకాయన మాత్రం బయటికి వచ్చాడు. 1529లో కృష్ణరాయలు చనిపోబోతూ తన తమ్ముడు అచ్యుతరాయలకు రాజ్యం రాశాడు, ఎందుకంటే అప్పటికి తన కొడుకు పద్దెనిమిది నెలల పసివాడు. అంతకుముందు ఆరేళ్ళ వయసులోనే పట్టం కట్టించుకున్న కొడుకు చనిపోయాడు. విషం పెట్టారన్న అనుమానం మీద ఆ తిమ్మరుసు కళ్ళే తీయించారని నూనిజ్ రాశాడు. మేక కళ్ళు చూపించి రాయల కళ్ళు కాపాడినవాడి కళ్ళు! ఇంత జరిగింది ఒక్క ఆసనం చుట్టూ. పిల్లలకు ఆసనం సంపాదించాలనుకున్న తండ్రులే ఇందులో అందరూ.

మీరు అడుగుతారు, తరువాత ఏమి చేశారు అని. చెబుతాను. సెలవుల చివరి రోజు సాయంత్రం ట్రంకు పెట్టె సర్ది వాకిట్లో పెట్టారు. నేను వాణ్ణి అడగలేదు. అడిగితే "పోతాను నాయినా" అనేవాడు, ఫీజు కట్టేసినామని వాడికి తెలుసు. నేను, వాడి అమ్మ మోకాళ్ళ మీద ఉండి ప్రార్థన చేసుకున్నాము. ఆమె చాలా చిన్న ప్రార్థన చేసింది. నేను లేచి పెట్టె లోపలికి తెచ్చి, బట్టలు తీసి అల్మారాలో పెట్టాను. కట్టిన ఫీజు వెనక్కి రాలేదు. అప్పు ఇంకా తీరుస్తున్నాను. మా బంధువుల్లో కొందరు, పిల్లవాడి భవిష్యత్తు పాడు చేశావని ఇప్పటికీ అంటారు. ఏమో, వారి మాటే నిజమవుతుందేమో అని నాకు కూడా కొన్ని రాత్రులు భయం కలుగుతుంది. ఆ భయం ప్రభువు దగ్గర దాచుకోకుండా చెప్పుకుంటున్నాను.

వాణ్ణి మా బడిలోనే చేర్చాను. మా స్టాఫ్ రూములో ఒక వారం ఎవరూ నాతో ఆ సంగతి ఎత్తలేదు.

ప్రార్థనలోనికి వెళ్ళే ముందు ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఈ సంవత్సరం వాడు ఏడో తరగతి, నా క్లాసులోనే, కిటికీ పక్కన రెండో బెంచీ. బడిలో నన్ను "సార్" అంటాడు. కిందటి నెలలో విజయనగర సామ్రాజ్యం పాఠం వచ్చింది. నేను ఎప్పటిలాగే మంత్రిని, మేకను, కళ్ళను చెప్పుకుంటూ వచ్చాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. చాక్‌పీసు బల్ల మీద పెట్టి చేతులు దులుపుకుంటున్నాను. కిటికీ పక్కన చెయ్యి లేచింది.

"సార్, గంట కొట్టేదానికి ఇంకా టైముంది. ఆ పిల్లోడి సంగతి గూడా చెప్పండి."